ఎంఆర్ఐలో టీ1, టీ2 సమయాలను ఎలా కొలుస్తారు?

రిపోర్టులో టీ1, టీ2 అని చూసి, అవి ఏం సమయాలు, ఎలా కొలుస్తారు అని అడిగారు. మామూలు రిపోర్టులో ఉండేది ఆ తేడా కనబడేలా తీసిన బొమ్మ మాత్రమే. అంకెల్లో కొలవడం వేరే పని.

శరీరంలోని నీరు, కొవ్వుల ప్రోటాన్లను రేడియో పల్స్‌తో పక్కకు తిప్పితే, అయస్కాంత క్షేత్రం దిశలో 63 శాతం కోలుకోవడానికి పట్టే కాలం టీ1. కొలవాలంటే వాటిని తలకిందులు చేసి, వేర్వేరు విరామాల తర్వాత సిగ్నల్ చూసి, గ్రాఫు గీస్తారు.

టీ2కి మన అలిపిరి మెట్లే మంచి ఉదాహరణ. వందమంది పాదాల మండపం నుంచి ఒకేసారి బయలుదేరారు. కాసేపటికే చెల్లాచెదురు. అప్పుడు ఈల వేసి అందరినీ వెనక్కి తిప్పితే, ఎవరి వేగం వాళ్లు మార్చకపోతే, అందరూ ఒకేసారి పాదాల మండపం చేరతారు! 1950లో భౌతిక శాస్త్రవేత్త ఎర్విన్ హాన్ కనిపెట్టిన స్పిన్ ఎకో ఇదే: మెట్లెక్కేవాళ్లు ప్రోటాన్లు, ఈల రెండో రేడియో పల్స్, అందరూ మళ్లీ కలిసినప్పుడు వచ్చే సిగ్నలే ఎకో. దారిలో వేగం మారినవాళ్లు మాత్రం కలవరు. అందుకే ఎకో ఆలస్యమయ్యేకొద్దీ బలహీనపడుతుంది. అది 37 శాతానికి పడే కాలమే టీ2.

1.5 టెస్లా (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) మెషీన్‌లో కొవ్వు టీ1 సుమారు 0.3 సెకను, మెదడు చుట్టూ ఉండే ద్రవానిది 4 సెకన్ల దాకా. 3 టెస్లాలో కణజాలాల టీ1 పెరుగుతుంది కాబట్టి రెండు మెషీన్ల అంకెలను పోల్చకండి.

తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) రోగుల గుండెలో ఇనుము పేరుకుందా అని చూసేది టీ2 స్టార్‌తో. ఇందులో ఈల ఉండదు, చెదిరింది చెదిరినట్టే లెక్క. 1.5 టెస్లాలో 20 మిల్లీసెకన్ల కంటే తగ్గితే ఇనుము ఎక్కువైనట్టు.