చెరువుకు వేసిన లెక్క చదువుకూ వేయండి

ప్రశ్న: మాది అల్లవరం మండలంలో ఒక పల్లె. రెండెకరాల కొబ్బరితోట, ఎకరంన్నర రొయ్యల చెరువు ఉన్నాయి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. కంప్యూటర్ సైన్సులో బీటెక్ చేయిద్దామని మేము అనుకుంటుంటే, తాను డిజైన్ కోర్సే చదువుతానంటోంది. మా బంధువుల్లో ఎవరూ ఆ దారిన వెళ్ళలేదు. పిల్ల ముచ్చట తీర్చాలా, బతుకుదెరువు చూసుకోమని గట్టిగా చెప్పాలా?

జవాబు: మీ ఉత్తరంలో అసలు విషయమంతా ‘బంధువుల్లో ఎవరూ ఆ దారిన వెళ్ళలేదు’ అన్న వాక్యంలోనే ఉందని నాకు తోచింది. చెరువు తవ్వించిన రోజు గుర్తు చేసుకోండి. సీడుకు (రొయ్యపిల్లలకు), మేతకు, నీటిలోకి గాలిని పంపే ఏరియేటర్ల కరెంటుకు లక్షలు పోసి, తెల్లమచ్చ తెగులు సోకితే వారం పది రోజుల్లో పంట మొత్తం పోతుందని తెలిసి కూడా మీరు దిగారు. 1990ల నడుమ ఆ తెగులు వల్ల కోస్తాలో ఎన్ని కుటుంబాలు అప్పులపాలయ్యాయో మీ తరానికి బాగా తెలుసు. అయినా ధైర్యం చేశారంటే, పక్క గట్టువారు అప్పటికే దిగి ఉండటమే కారణం. నష్టం వస్తే ఎవరిని అడగాలో, ఎలా తేరుకోవాలో తెలిసిన పనిని మనం వ్యవహారజ్ఞానం అంటున్నాము. అడగడానికి మనిషి లేని పనిని, దానిలో రాబడి ఎంత ఉన్నా, ముచ్చట అంటున్నాము.

స్థిరమైన ఆదాయం మీద డెల్టా మనిషికి ఇంత మమకారం ఊరికే కలగలేదు. 1833 నాటి కరువును, 1839 నాటి ఉప్పెనను చూసిన నేల ఇది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తరువాతనే కాలువ కింద పంట చేతికి వస్తుందన్న నమ్మకం ఇక్కడ కుదురుకుంది. 1996 నవంబరు 6 నాటి తుఫానుకు తోటలు కూలిపోగా, మళ్ళీ నాటిన మొక్క కాపుకు వచ్చేదాకా ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇళ్ళలో, గాలికి పడిపోని రాబడి అంటే నెల జీతమేనన్న అభిప్రాయం పిల్లలకు అన్నప్రాశన నాటి నుంచే అందుతుంది. అందుచేత బీటెక్ అడిగే తండ్రిని నేను పిరికివాడని ఎన్నడూ అనుకోలేదు.

ఈ గోదావరి తీరాన కళను వృత్తిగా చేసుకున్నవారు లేకపోలేదు. నరసాపురంలో పుట్టిన బాపు న్యాయశాస్త్ర పట్టా తీసుకుని కూడా బొమ్మలనే వృత్తిగా ఎంచుకున్నారు. రాజమహేంద్రవరానికి చెందిన చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి వెళ్ళి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆయనకు అండగా నిలిచారు. గెలిచినవారి కథలు చెప్పి తల్లిదండ్రులను ఒప్పించడం నాకు ఇష్టం ఉండదు, ఓడినవారి కథలు ఎవరూ రాసిపెట్టరు కనుక. అయితే రామారావుగారికి దారి తెలిసిన మనిషి ఒకరు దొరికారన్నది గమనించండి. మీ అమ్మాయికి లేనిది అదే.

ఇక లెక్కకు వద్దాము. నాలుగేళ్ళ బీడిజైన్ కోర్సుకు ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా అర్హులే. ఐఐటీలలో సీట్లకు ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ పరీక్ష సాధారణంగా జనవరిలో జరుగుతుంది. మన పొరుగున హైదరాబాద్ ఐఐటీలో కూడా ఈ కోర్సు ఉంది. 2015లో మొదలైన ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్‌లో చేరడానికి డాట్ అనే వేరే పరీక్ష రాయాలి. ఇంటర్ పరీక్షలు, ఆ తరువాత ఇంజినీరింగ్ ప్రవేశానికి రాసే ఎప్‌సెట్ సాధారణంగా వీటికి అడ్డురావు కనుక, ఈ ఒక్క ఏడాది రెండు దారులకూ సిద్ధం కావచ్చు. ఈ ప్రభుత్వ సంస్థల్లో సీటు వస్తే పంపించమనే నా సలహా. ప్రవేశ పరీక్షలో నెగ్గకుండా, కేవలం డబ్బు కట్టి చేరే ప్రైవేటు కాలేజీ మాటైతే, తోట మీద అప్పు తెచ్చి చేర్పించవద్దని అంతే గట్టిగా చెబుతాను.

దానికి ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. బొమ్మలు బాగా వేయడం, డిజైన్ చేయడం ఒకటి కావు. మీ తోటలో దింపు తీసేవారిని ఒక రోజంతా గమనించమనండి. చెట్టు ఎక్కేటప్పుడు వారికి ఎక్కడ ఇబ్బంది కలుగుతోంది, కాలికి కట్టే బంధం ఎలా మారిస్తే ఆ పని సులువవుతుంది అన్నది బొమ్మ గీసి మీకు వివరించమనండి. ఆ పనిలో భోజనవేళ మరచిపోతే ఆమె అడుగుతున్నది సరైన కోర్సే. విసుగుపడితే, ఆమె కోరిక చిత్రలేఖనం కావచ్చు. అప్పుడు మనం మాట్లాడుకోవలసిన కాలేజీలు వేరు.

మీరు రాయలేదు గాని, పెళ్ళి సంబంధాల మాట మీ ఇంట్లో వచ్చే ఉంటుంది. అబ్బాయి అయితే ఆ ప్రశ్న వేసేవారా అని మాత్రం అడుగుతాను.

యూసీడ్ పాత ప్రశ్నపత్రాలు వారి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి తీసి, అమ్మాయితోపాటు మీరూ కూర్చుని చూడండి. ఫీజు, హాస్టలు, ల్యాప్‌టాప్, ప్రయాణాలు అన్నీ చెరువు ఖాతా రాసే పుస్తకంలోనే మరో పేజీలో రాసుకుని, ఆ మొత్తంతో నాకు మళ్ళీ ఉత్తరం రాయండి. ఈసారి అమ్మాయిని కూడా అందులో నాలుగు మాటలు రాయమనండి.