సినిమా అయ్యాక ఏమడగాలి

చిరంజీవి చిన్నికి,

మామయ్య ఆశీస్సులు. వచ్చే ఆదివారం మీ కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’ వేస్తున్నారనీ, తర్వాత చర్చ నడిపే పని నీ మీద పడిందనీ అమ్మ చెప్పింది. సగం మంది నిద్రపోతారేమో, మిగతావాళ్లు పోట్లాడుకుంటారేమో అని టెన్షన్ పడుతున్నావట. పోట్లాడుకోనీ తల్లీ. 2011లో వచ్చినప్పటి నుంచీ ఈ సినిమా మీద జనం ఒక మాట మీద లేరు. వాళ్లను ఒప్పించే బాధ్యత నీకు లేదు. ఎవరు ఎంతదాకా కథతో నడిచారు, ఎక్కడ వదిలేశారు అన్నది వాళ్ల నోటితోనే చెప్పించు, చాలు.

అందుకే “సినిమా ఎలా ఉంది?” అని మొదలుపెట్టకు. ఒకరు బాగుందంటారు, ఒకరు బోర్ అంటారు. ఇక అక్కణ్నుంచి ఎవరి మాట వాళ్లు నెగ్గించుకోవడమే తప్ప సినిమా గురించి ఎవరూ మాట్లాడరు. “ఎక్కడ తికమకపడ్డారు? ఏ సీను ఇంకా కళ్లముందుంది?” అని అడుగు. నచ్చనివాళ్లకే ముందు మైకు ఇవ్వు. ఈ సినిమాకు మూలమైన నవల చదివి వచ్చినవాళ్లను మాత్రం కాసేపు ఆగమను. వాళ్లు మొదలుపెడితే కథంతా విడమరిచి చెప్పేస్తారు. అర్థం కానివాళ్లు లోపం తమదేననుకుని నోరు మూసుకుంటారు. అలా మూసుకున్న నోళ్లు మళ్లీ తెరిపించడం చాలా కష్టం.

లైట్లు ఆర్పే ముందు రెండు నిమిషాలు తీసుకో. కథ 1973 ప్రాంతంలో, ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో జరుగుతుందనీ, సర్కస్ అంటే లండన్‌లో బ్రిటిష్ గూఢచార సంస్థ ఆఫీసనీ, దాని పైస్థాయిలో రహస్యంగా రష్యాకు పనిచేసే ద్రోహి ఒకడున్నాడనీ చెప్పు. ఇంకొకటి, కళ్లజోడు సంగతి. ఆ ద్రోహిని వెతికే గూఢచారి జార్జ్ స్మైలీ, అంటే గ్యారీ ఓల్డ్‌మన్ వేసిన పాత్ర, సర్కస్‌లో ఉద్యోగం పోయాక కొత్త కళ్లజోడు చేయించుకుంటాడు. పాత ఫ్రేము కనిపిస్తే జరిగిపోయిన కథ, కొత్త ఫ్రేము కనిపిస్తే ఇప్పటి కథ. ఇది ప్రేక్షకులే కనిపెట్టాలి అనేవాళ్లున్నారు. నేనైతే చెప్పేయమంటాను. ముందూ వెనకా తెలియక విసుక్కున్నవాళ్లు ఆ తర్వాత ఏదీ సరిగ్గా చూడరు.

ఛేజింగులు, తుపాకులు ఉంటాయనుకుని వచ్చినవాళ్లు నిరాశపడతారు. వాళ్లను చిన్నబుచ్చకు. గూఢచారి సినిమా అంటే బాండ్ అని బ్రిటిష్ సినిమానే కదా ప్రపంచానికి అలవాటు చేసింది!

ఇంకో ఫిర్యాదు చాలా గట్టిది. 1979లో బీబీసీ ఇదే నవలను ఏడు ఎపిసోడ్ల సీరియల్‌గా తీసింది. అందులో స్మైలీ అలెక్ గిన్నెస్. అది చూసినవాళ్లు ఏమంటారంటే, సినిమాకున్న రెండు గంటల చిల్లరలో అనుమానితులు మనకు సరిగ్గా పరిచయమే కారు, కాబట్టి ద్రోహి ఎవరో తేలినప్పుడు గుండె ఝల్లుమనదు అని. ఇది నిజం. నాకు ఎంతో ఇష్టమైన సినిమా ఇది, అయినా ఈ విషయంలో నేను వాళ్ల పక్షమే. చదరంగం పావుల మీద ఆ మనుషుల ఫొటోలు అంటించి ఉన్న సీను ఎంత బాగున్నా, ఆ మొహాల వెనక మనుషులు మనకు చాలినంతగా దొరకరు. నువ్వు కూడా ఇష్టం కొద్దీ దీన్ని వెనకేసుకురాకు.

చర్చ చప్పబడితే ఢిల్లీ సీను తీయి. 1955లో ఢిల్లీలో, కార్లా అనే రష్యన్ గూఢచారిని తమ వైపు తిప్పుకోవడానికి ప్రయత్నించిన సంగతి స్మైలీ తన శిష్యుడికి చెప్తాడు. తిరిగి వెళ్తే మీవాళ్లే చంపేస్తారు, మా దగ్గరికి వచ్చేయ్ అంటాడు. అవతలివాడు ఒక్క మాట మాట్లాడడు. స్మైలీకి అతని భార్య ఇచ్చిన లైటరు మాత్రం పట్టుకుపోతాడు. సీరియల్‌లో ఆ జైలు గది కనిపిస్తుంది, పెదవి విప్పకుండా కూర్చున్న కార్లాగా ప్యాట్రిక్ స్టీవర్ట్ కనిపిస్తాడు. సినిమాలో దర్శకుడు థామస్ ఆల్ఫ్రెడ్సన్ ఢిల్లీని చూపించడు. ఓల్డ్‌మన్ ముందుకు వంగి, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీతో మాట్లాడతాడు, అంతే. మాట్లాడుతూ మాట్లాడుతూ అప్పటి స్మైలీ అయిపోతాడు. ఢిల్లీ అని చెప్పి ఢిల్లీని చూపించకపోవడమేమిటని మనవాళ్లు తప్పకుండా అడుగుతారు. వెంటనే జవాబు చెప్పకు. చూపించి ఉంటే ఏం వచ్చేది, ఏం పోయేది అని వాళ్లనే అడుగు. వీలైతే సీరియల్ ముక్క కూడా వేసి చూపించు. నా మటుకు నాకు ఖాళీ కుర్చీయే ఎక్కువ భయం పుట్టించింది.

అంత పెద్ద పదవిలో ఉన్నవాడు దేశద్రోహి ఎలా అవుతాడు, నమ్మబుద్ధి కావడం లేదు అని ఎవరైనా అంటే అప్పుడు కిమ్ ఫిల్బీ సంగతి చెప్పు. బ్రిటిష్ గూఢచార శాఖలో ఎంతో ఎత్తుకు ఎదిగిన ఆయన 1963లో బీరుట్ నుంచి మాస్కోకు పారిపోయాడు. నవల రాసిన జాన్ లె కారే కూడా అదే శాఖలో పనిచేసి వచ్చినవాడు. బ్రిటన్‌లో ఆ రోజులు ఎరిగినవాళ్లకు ఇది ఉత్త సస్పెన్స్ కథ కాదు, తమ ఇంటి మనిషే మోసం చేసిన కథ. ముందే చెప్తే పాఠంలా వింటారు, అడిగాక చెప్తే మనసుకు పడుతుంది.

ఇందులో అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు, యాస కూడా ఒక పట్టాన అందదు. సబ్‌టైటిల్స్ తప్పనిసరిగా పెట్టించు, శనివారమే ఒకసారి వేసి వెనక బెంచీ నుంచి కనిపిస్తున్నాయో లేదో చూసుకో. అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య