పదో తరగతి అయింది, రసీదు దొరికింది

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. మా ఆయన కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్. నేను మహిళా సంఘాల్లో వీవోఏగా, అంటే సంఘాల పుస్తకాలు రాసే పని చేస్తున్నాను. పెద్దమ్మాయి ఈ ఏడాది పదో తరగతి పాసైంది. 600కి 511 వచ్చాయి. సోషల్‌లో 94, తెలుగులో 92, లెక్కల్లో మాత్రం 68. ఇంటర్‌లో సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) తీసుకుని సీఏ చదువుతానంటుంది. మా ఆయన ఎంపీసీ తప్ప ఇంకో మాట వినరు. "కామర్స్ చదివి ఏం చేస్తది? దుకాణంల లెక్కలు రాస్తదా?" అంటారు. ఆయన డిప్లొమా రెండో ఏడాదిలో ఆపేశారు, ఇంట్లో పైసలు లేక. పోయిన దసరాకి కొత్త ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) వచ్చాడు, ఇరవై ఆరేళ్ల బీటెక్ పిల్లాడు, ఈయన్ని పేరు పెట్టి పిలుస్తాడు. అప్పటి నుంచి మరీ పట్టుబడుతున్నారు. సంక్రాంతి ముందు ఒక కాలేజీ పీఆర్వో ఇంటికొస్తే నాక్కూడా చెప్పకుండా పదివేలు అడ్వాన్స్ కట్టేశారు. మొన్న బీరువాలో ఆధార్ కార్డు వెతుకుతుంటే ఆ రసీదు పాపకి దొరికింది. దాని మీద దాని పేరు, పక్కన ఎంపీసీ అని ఉంది. "పైసలు కట్టింది నాన్ననే కదా, నాన్ననే పోయి చదువుకోమను" అంది. అప్పటి నుంచి తండ్రితో మాటల్లేవు, మాతో కలిసి తినడం లేదు. మా తమ్ముడేమో ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) పెట్టిద్దాం, ఇద్దరికీ మధ్యస్థంగా ఉంటుంది అంటున్నాడు. నేను హెచ్ఈసీ చదివినదాన్ని, నాకేం తెలుసని చెప్పాలి? పాప మంచి పిల్లే. ఎనిమిదో తరగతి నుంచి నా సంఘం పుస్తకాలు రాయడంలో సాయం చేస్తుంది. పోయిన ఏడాది ఒక సంఘం పొదుపులో 350 రూపాయలు తేడా వస్తే రాత్రి పదకొండు దాకా కూర్చుని పట్టుకుంది. అది వేరే సంగతి. ఇప్పుడు ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు, మే, జూన్ నెలల్లో నాకు వచ్చే ఉత్తరాల్లో ఇదొకటి అనుకున్నాను. నాన్న ఎంపీసీ అంటాడు, పిల్ల ఇంకోటి అంటుంది, అమ్మ మధ్యలో నలుగుతుంది. రెండోసారి చదివినప్పుడు ఆ 350 రూపాయల దగ్గర ఆగిపోయాను.

అది వేరే సంగతి కాదమ్మా, అసలు సంగతి అదే. పొదుపు పుస్తకంలో తేడా వస్తే పెద్దవాళ్లు చాలామంది ఏం చేస్తారో మీకు నాకంటే బాగా తెలుసు. చేతిలోంచి ఆ డబ్బు వేసేసి పుస్తకం మూసేస్తారు. మీ అమ్మాయి అలా చేయలేదు. బహుశా ఒకామె కట్టిన పొదుపు పక్కామె వరసలో పడి ఉంటుంది, లేదా గడిలో ఒక అంకె తారుమారై ఉంటుంది. ఏదైతేనేం, పదిహేనేళ్ల పిల్ల రాత్రి పదకొండు దాకా నెలనెలా వెనక్కి వెళ్లి దాన్ని పట్టుకుంది. ఎవరూ చెప్పకుండా, మార్కులు రాకపోయినా చేసింది. పిల్లకి ఏ చదువు మీద మనసుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి గుర్తు నాకు ఇన్నేళ్లలో పెద్దగా కనిపించలేదు. మామూలుగా వచ్చే పిల్లలు "మా ఫ్రెండ్ చేరుతోంది" అనో, "లెక్కలంటే భయం" అనో సీఈసీ అంటారు. మీ అమ్మాయిలో ఆ భయం కొంత ఉండవచ్చు, లెక్కల మార్కులు చూస్తే అలాగే ఉంది. కానీ అదొక్కటే కాదు.

అయితే, ఆమెకి పుస్తకాలు సరిచూడడం ఇష్టమని తేలింది అంతే, రేపు సీఏ అయిపోతుందని కాదు. ఆమెతో ఈ మాట దాచకుండా చెప్పండి. సీఏకి మొదటి మెట్టు ఫౌండేషన్ పరీక్ష, అందులో నాలుగు పేపర్లు, ఒక్కొక్కటి 100 మార్కులు. ప్రతి పేపర్లో కనీసం 40, మొత్తం మీద సగం రావాలి. ఆ నాలుగింటిలో ఒకటి క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, అంటే లెక్కలు, లాజిక్, స్టాటిస్టిక్స్. సీఈసీ తీసుకుంటే లెక్కల పీడ వదిలిందని ఆమె అనుకుంటుంటే, రెండేళ్ల తర్వాత ఇక్కడ మళ్లీ ఎదురవుతాయి. ఈ మధ్య ఫలితాలు చూస్తే ఫౌండేషన్‌లో వందకి ముప్పై మంది గట్టెక్కడమే అరుదు. ఆ తర్వాత సీఏ ఇంటర్మీడియట్, రెండేళ్ల ఆర్టికల్‌షిప్ (ఒక సీఏ దగ్గర పని నేర్చుకోవడం), ఫైనల్. దీన్ని దాచి "సీఏ అయిపోతావులే" అనడం కూడా ఆమెకి చెప్పకుండా రసీదు రాయించడం లాంటిదే.

ఇప్పుడు మీ ఆయన వాదన. "ఎంపీసీ చదివితే రేపు కామర్స్‌కైనా పోవచ్చు, సీఈసీ చదివితే ఇంజనీరింగ్‌కి పోలేదు కదా" అని ఆయన అనే ఉంటారు. అది నూటికి నూరు పాళ్లు నిజం. ఎంపీసీ చదివినవాళ్లు బీకామ్‌లో చేరవచ్చు, లా చదవవచ్చు, సీఏ ఫౌండేషన్ రాయవచ్చు. సీఈసీ చదివితే బీటెక్ లేదు, ఆర్కిటెక్చర్ లేదు, బీఎస్సీలో లెక్కలూ సైన్సూ లేవు, సైనికాధికారుల అకాడమీ ఎన్డీయేలో ఆర్మీ తప్ప నేవీ, ఎయిర్‌ఫోర్స్ లేవు. కొన్ని చోట్ల బీసీఏకి కూడా ఇంటర్‌లో లెక్కలు అడుగుతారు. ఇవన్నీ పాపకి ముందే తెలియాలి. మూసుకుపోయే తలుపులు చూసి, వాటితో నాకు పని లేదని ఆమె నోటితో ఆమే అనాలి.

కానీ ఆ తలుపులు ఎంపీసీ చదివినంత మాత్రాన తెరుచుకోవు, అందులో నిలబడ్డవాళ్లకే తెరుచుకుంటాయి. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలుంటే 80 లెక్కలే, మిగతా ఎనభై ఫిజిక్స్, కెమిస్ట్రీ. పదో తరగతిలో 68 తెచ్చుకున్న పిల్ల కష్టపడితే ఎంపీసీ దాటలేదని నేను అనను, దాటినవాళ్లని చూశాను. ఇష్టంగా కష్టపడితే. హాస్టల్లో తెల్లవారుజామున లేపి, రాత్రి దాకా స్టడీ అవర్లు పెట్టి, వారం వారం పరీక్ష పెట్టి ర్యాంకుల లిస్టు గోడకి అంటించే చోట, తను అడగని చదువు చదివే పిల్ల ఆ లిస్టులో కింద నుంచి తన పేరు వెతుక్కోవడం మొదలుపెడుతుంది. రెండేళ్లయ్యేసరికి లెక్కలే కాదు, చదువంటేనే విరక్తి పుడుతుంది. ఇంజనీరింగ్ తలుపు తెరిచి ఉంచాలని పంపితే బీకామ్ తలుపు దాకా కూడా రాలేని పిల్లలు ఏటా నా ముందు కూర్చుంటారు.

మీ తమ్ముడు చెప్పిన ఎంఈసీ సంగతి. ఇల్లు చల్లబడాలని మంచి మనసుతోనే చెప్పాడు. కానీ ఎంఈసీలో "లెక్కలు తక్కువ" అన్నది అపోహ. మ్యాథ్స్ 1ఏ, 1బీ పుస్తకాలు ఎంపీసీ వాళ్లవే, పరీక్ష పేపరూ అదే. లెక్కలు ఇష్టపడి, దానికి ఎకనామిక్స్, కామర్స్ కలుపుకోవాలనుకునే పిల్లకి ఎంఈసీ చక్కటి గ్రూపు. మీ ఆయనకి ఎం అక్షరం దక్కింది, పాపకి సీ అక్షరం దక్కింది అన్న లెక్కన మాత్రం తీసుకోకండి. ఇంట్లో రాజీ కుదిర్చినందుకు రెండేళ్లు ఆ పుస్తకాలతో కుస్తీ పట్టేది ఆమె ఒక్కతే.

అందుకని నిర్ణయం మనం మాటల్లో తేల్చవద్దు. ఊళ్లో ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోయిన పిల్లలుంటారు. వాళ్ల దగ్గర మ్యాథ్స్ 1ఏ, ఫిజిక్స్, కామర్స్, సివిక్స్ పుస్తకాలు పది రోజులకి అడిగి తెచ్చి పాప గదిలో పెట్టండి. కామర్స్ పుస్తకంలో సగం అకౌంటెన్సీయే: జర్నల్ ఎంట్రీలు, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్. మ్యాథ్స్‌లో మ్యాట్రిసెస్ చాప్టర్ ఒకటి చూడమనండి, పదో తరగతి వచ్చినవాళ్లు సొంతంగా మొదలుపెట్టగలిగే చాప్టర్ అది. లెక్క వచ్చిందా రాలేదా అని అడగకండి, పరీక్ష పెట్టకండి. రాకపోయినా మర్నాడు మళ్లీ తెరిచిందా అన్నది గమనించండి. లెక్కల పుస్తకం తెరిచిందే లేదు, ట్రయల్ బ్యాలెన్స్ కుదరక అన్నం చల్లారిపోయింది అంటే ఇక నన్ను అడగక్కర్లేదు. ఒకవేళ మ్యాట్రిసెస్‌తోనే కుస్తీ పడుతోందనుకోండి, అప్పుడు మీ తమ్ముడు చెప్పిన ఎంఈసీ గురించి నిజంగా ఆలోచించవచ్చు, ఈసారి ఆమె కోసం. (నన్ను ఎవరూ ఇలా చూడలేదు. ఇంట్లో ఒక డాక్టర్ ఉండాలని బైపీసీలో వేశారు. రెండేళ్లూ రికార్డులో కప్ప బొమ్మకి అందంగా షేడింగ్ వేశాను, మార్కులు షేడింగ్‌కి ఇవ్వరు కదా.)

గ్రూపు మార్చుకోవడం చేరిన మొదటి రోజుల్లో కుదురుతుంది. పబ్లిక్ పరీక్ష ఫీజు కట్టేదాకా లాగితే కష్టం, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఈ పది రోజులు ఇప్పుడు ఖర్చు పెట్టమనేది అందుకే.

సీఏ కుదరకపోతే ఏంటి అని మీ ఆయన అడుగుతారు, అడగాలి కూడా. సీఈసీ తర్వాత బీకామ్, బీబీఏ ఉన్నాయి. లాసెట్, క్లాట్ రాస్తే ఐదేళ్ల లా, క్లాట్‌లో మంచి ర్యాంకు వస్తే మన శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ. సీయూఈటీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ, అందులో ఎకనామిక్స్ కూడా ఉంది. డీసెట్ రాస్తే టీచర్ ట్రైనింగ్. డిగ్రీ అయ్యాక బ్యాంకు, గ్రూప్స్ పరీక్షల్లో ఏ గ్రూపు చదివావని ఎవరూ అడగరు. సోషల్‌లో 94 వచ్చిన పిల్లకి ఇవేవీ చిన్న దారులు కావు. ఫీజు సంగతి కూడా ఆయనతో అనండి. సర్కారు జూనియర్ కాలేజీలో సీఈసీ ఉంటుంది, ట్యూషన్ ఫీజు లేదు. కార్పొరేట్ హాస్టల్‌కి పెట్టే డబ్బు రేపు సీఏ కోచింగ్‌కి మిగులుతుంది.

ఇక మీ ఆయన. ఆయన్ని విలన్‌గా చూడకండి. స్తంభం మీద ఉన్న మనిషిని కింద జీపు దగ్గర నిలబడ్డ పిల్లాడు పేరు పెట్టి పిలుస్తుంటే, ఆగిపోయిన డిప్లొమా రోజూ గుర్తొస్తుంది. నా బిడ్డని ఇలా ఎవరూ పిలవకూడదు అనుకున్నాడు, అలాంటప్పుడే పీఆర్వో వచ్చాడు. అంతే జరిగింది. కాబట్టి పాప లేనప్పుడు, ఆయన డ్యూటీ దిగి స్నానం చేసి కాస్త కుదుటపడ్డాక కూర్చోండి. గ్రూపు మాట ఎత్తకండి. ఆ డిప్లొమా గురించి అడగండి, ఏ బ్రాంచి, ఎందుకాగింది, అప్పుడు ఎవరైనా ఆదుకుని ఉంటే ఏం చేసేవాడివి అని. పెళ్లయి ఇన్నేళ్లలో ఈ మాట ఎవరూ అడిగి ఉండరు. అదంతా చెప్పుకున్నాక, "నిన్ను ఆపింది పైసలు. దాన్ని ఆపేది మనం కావద్దు" అని ఒక్కసారి అనండి. వెంటనే ఒప్పుకోరు. మర్నాడు సంఘం పుస్తకం తెచ్చి ఆ 350 తేడా ఉన్న పేజీ చూపించండి. ఆయనకి ఈ సంగతి తెలుసా? మీ ఉత్తరంలో ఎక్కడా ఆయనకి చెప్పినట్టు లేదు.

చూపించాల్సింది మీరే, తమ్ముడు కాదు. హెచ్ఈసీ చదివిన నాకేం తెలుసు అన్నారు. పదిహేను, ఇరవై సంఘాల పొదుపు, అప్పు, వడ్డీ, బ్యాంకు లింకేజీ పుస్తకాలు నడిపే మనిషి అనే మాటేనా అది? కామర్స్ అంటే ఏంటో మీ ఇంట్లో తెలిసింది మీకొక్కరికే. పాప ఆ ఇష్టాన్ని ఎక్కడో గాలికి పట్టుకురాలేదు, మీ పక్కన చాప మీద కూర్చుని నేర్చుకుంది.

పాప తినకపోవడం ఇప్పటికి అలక లాగే ఉంది. కంచం గదికి పంపకండి, బతిమాలకండి, రోజూ పిలవండి చాలు. నిద్ర పూర్తిగా పోయినా, "నేను లేకపోతే మీకు ప్రశాంతం" లాంటి మాట ఒక్కటి వచ్చినా మాత్రం అలక అనుకోవద్దు. ఆమెని ఒంటరిగా వదలకుండా 14416కి ఫోన్ చేయండి. అది సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు.

చివరగా ఆ పదివేలు. షెడ్యూల్ ఇవ్వకముందు అడ్మిషన్లు తీసుకోవద్దని ఇంటర్ బోర్డు ఏటా కాలేజీలకి చెబుతూనే ఉంటుంది, పీఆర్వోలు సంక్రాంతికే బైకు మీద వస్తూనే ఉంటారు. పాప సీఈసీ అని తేలితే రసీదు తీసుకుని మీ ఆయనే కాలేజీకి వెళ్లి అడగాలి, రాతపూర్వకంగా. ఫోన్లో అడిగితే రేపు మాపు అంటారు. సగం ఇస్తామంటే తీసుకుని వచ్చేయండి. ఏమీ ఇవ్వమంటే, ఆ పదివేల కోసం పిల్లని అందులో చేర్పించకండి. వెళ్లేటప్పుడు పాపని కూడా బండి మీద వెంట తీసుకెళ్లమనండి. రసీదు ఆయన చాటుగా రాయించారు, వెనక్కి ఇచ్చేది ఆమె ముందే జరగనివ్వండి.