సొంతంగా డిగ్రీ తయారు చేసుకుంటానంటోంది మా అమ్మాయి!

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. అమ్మాయి అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కంప్యూటర్ సైన్స్‌లో చేర్చాం. ఇప్పుడు అది వదిలేసి జియాలజీ, పబ్లిక్ పాలసీ కలిపి భూగర్భజలాల మీద తనే ఒక డిగ్రీ తయారు చేసుకుంటానంటోంది. మా పొలంలో నాలుగు బోర్లు ఎండిపోవడం చూస్తూ పెరిగిన పిల్ల, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ లోను తీసి పంపాం. ఊరూ పేరూ లేని డిగ్రీకి ఉద్యోగం ఎవరిస్తారు? వద్దని గట్టిగా చెప్పమంటారా?

జవాబు: అయ్యా, గట్టిగా వద్దనకండి. వెంటనే సరే అని కూడా అనకండి. ఈ నెల రోజుల్లో అమ్మాయి మీకు చూపించాల్సిన కాగితాలు కొన్ని ఉన్నాయి. అవి చూశాక మాట్లాడుకుందాం.

ముందు మీ అనుమానం సంగతి. ఇది దొంగ డిగ్రీ కాదు. అక్కడ చాలా యూనివర్సిటీల్లో ‘ఇండివిడ్యువలైజ్డ్ మేజర్’ అనే ఏర్పాటు ఉంది. మేజర్ అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు, దాన్ని విద్యార్థే రూపొందించుకోవచ్చన్నమాట. న్యూయార్క్ యూనివర్సిటీలో అయితే గాలటిన్ స్కూల్ మొత్తం దీనికోసమే నడుస్తోంది. ఇండియానా యూనివర్సిటీలో విల్ షార్ట్జ్ అనే కుర్రాడు ఇదే దారిలో పజిల్స్ మీద సొంతంగా మేజర్ రాసుకుని 1974లో పట్టా తీసుకున్నాడు. ఆయన 1993 నుంచి న్యూయార్క్ టైమ్స్‌లో గళ్ల నుడికట్టు ఎడిటర్. (పజిల్స్‌లో పట్టా పుచ్చుకున్నాక లా కూడా చదివాడు లెండి. వాళ్ల నాన్నకీ మీలాగే టెన్షన్ ఉండి ఉంటుందని నా ఊహ.)

మీ అమ్మాయి ఎంచుకున్న విషయం అంతకంటే గట్టిది. ఎలినార్ ఆస్ట్రమ్ పేరు చెప్పి చూడండి, తనకి తెలిసే ఉంటుంది. ఆవిడ చదివింది రాజనీతి శాస్త్రం. 1965లో పీహెచ్‌డీ చేసింది లాస్ ఏంజెలెస్ దగ్గర భూగర్భజలాల మీద. అందరూ పోటీపడి తోడేయడంతో సముద్రపు ఉప్పునీరు లోపలికి వస్తుంటే, అక్కడి వాళ్లు కూర్చుని వాటాలు ఎలా తేల్చుకున్నారన్నది ఆవిడ పరిశోధన. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆవిడే. భూమి లోపల నీరు ఎంత ఉందో జియాలజీ చెబుతుంది. దాన్ని ఎవరు ఎంత తోడుకోవాలో అది చెప్పదు. మన దగ్గర 2002లో నీరు, భూమి, చెట్లని కాపాడడానికి వాల్టా చట్టం వచ్చింది. చట్టం వచ్చాక మీ ఊళ్లో బోర్లు తగ్గాయా? రెండూ కలిపి చదవాలనుకోవడం పిల్ల చాపల్యం కాదండీ.

అయితే రెండూ ఇష్టమైనంత మాత్రాన సొంత డిగ్రీ అక్కర్లేదు. ఇక్కడే చాలామంది పిల్లలు తప్పులో కాలేస్తారు. జియాలజీ మేజర్‌గా, పాలసీ మైనర్‌గా (అంటే పక్క సబ్జెక్టుగా) తీసుకుంటే పని జరిగిపోతుందా? రెండూ మేజర్లుగా చేయొచ్చా? ఈ దారులు మూసుకుపోతేనే సొంతంగా రాసుకోవాలి. తను చదవాలనుకునే కోర్సుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయమనండి. కోర్సులన్నీ జియాలజీ, పాలసీ డిపార్ట్‌మెంట్లలోనే ఉంటే డబుల్ మేజర్ చాలు. నీటి చట్టం ఒక చోట, వ్యవసాయ ఆర్థికం ఇంకో చోట, మ్యాపింగ్ జాగ్రఫీ వాళ్ల దగ్గర, ఇలా నాలుగైదు డిపార్ట్‌మెంట్ల నుంచి ఏరుకోవాల్సి వస్తే అప్పుడు సొంత మేజర్‌కి అర్థం ఉంది. కంప్యూటర్ సైన్స్‌లో ఇప్పటిదాకా చేసిన కోర్సులు ఇందులో ఎన్ని కలుస్తాయో కూడా పక్కనే రాయమనండి. డేటా తెలిసినవాళ్లు నీటి రంగానికి చాలా కావాలి, ఆ కోర్సులకి కట్టిన డబ్బు వృథా కాదు.

రెండోది ప్రొఫెసర్. ఇలాంటి ప్రపోజల్‌కి మామూలుగా ఒక ప్రొఫెసర్ బాధ్యత తీసుకుని సంతకం పెట్టాలి, చాలాచోట్ల చివరి ప్రాజెక్టు కూడా ఆయన దగ్గరే చేయాలి. అలాంటి మనిషి దొరక్కపోతే ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయడం మంచిది.

మూడోది వీసా. దీని గురించి పిల్లలు చివరి సంవత్సరందాకా పట్టించుకోరు, నా దగ్గరికి వచ్చేసరికి చేయడానికి ఏమీ మిగలదు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకి డిగ్రీ అయ్యాక ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు పనిచేసే వీలుంటుంది, అదీ చదువుకి సంబంధించిన పనే. డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. ఆ జాబితాలో ఉందా లేదా అన్నది డిగ్రీ పేరునిబట్టి కాదు, యూనివర్సిటీ దానికి ఇచ్చే ఆరంకెల సీఐపీ కోడ్‌ని, అంటే అది ఏ రకం చదువో చెప్పే నంబరుని బట్టి తేలుతుంది. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం మీద ఆ కోడ్ ఉంటుంది. జియాలజీకి బెంగ లేదు, స్టెమ్‌లోనే ఉంది. కలగలుపు చదువుల కోడ్‌లు 30తో మొదలవుతాయి, వాటిలో కొన్ని జాబితాలో ఉన్నాయి, కొన్ని లేవు. సొంత మేజర్‌కి ఏ కోడ్ వేస్తారో ఇంటర్నేషనల్ ఆఫీసును ఈమెయిల్‌లో అడగమనండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోమనండి. నోటిమాట పనికిరాదు. లోను మంజూరు కాగితంలో కోర్సు పేరు ఉంటే మీరు కూడా బ్యాంకులో ఒక మాట చెప్పండి.

స్టెమ్ కోడ్ రాకపోతే నా సలహా ఒకటే: జియాలజీ మేజర్, దాని పక్కన పాలసీ. లోను ఉన్న ఇంట్లో ఆ 24 నెలలు చిన్న విషయం కాదు. అమ్మాయి అలిగినా సరే.

కోడ్ వస్తే, ప్రొఫెసర్ ఉంటే ధైర్యంగా చేయనివ్వండి. డిగ్రీ పేరు మాత్రం ‘ఇంటర్‌డిసిప్లినరీ స్టడీస్’ అని గాలికి వదిలేయకుండా, అక్కడి నిబంధనలు ఒప్పుకుంటే అందులో నీరు, జియాలజీ అన్న మాటలు కనబడేలా పెట్టుకోమనండి. రేపు ఇండియాకి వచ్చి సర్కారు కొలువు చూసుకోవాలనుకున్నా ఇది అవసరం. భూగర్భజల శాఖల్లో శాస్త్రవేత్త ఉద్యోగాలకి జియాలజీ, హైడ్రోజియాలజీ లాంటి సబ్జెక్టుల్లో మాస్టర్స్ అడుగుతారు. కాబట్టి డిగ్రీ ఏ పేరుతో ఉన్నా, పీజీ మాత్రం అందరికీ తెలిసిన పేరున్న సబ్జెక్టులోనే చేయాలని ఇప్పుడే మాట తీసుకోండి.

ఇంకొకటి, ఇది మీరు చేయాల్సిన పని. మీ నాలుగు బోర్లు ఏయే సంవత్సరాల్లో వేశారు, ఎన్ని అడుగులకి నీళ్లు పడ్డాయి, ఎప్పుడు ఎండిపోయాయి, ఎంత ఖర్చయింది, గుర్తున్నంతవరకు రాసి అమ్మాయికి వాట్సాప్ చేయండి. పక్క పొలాల వాళ్లవి కూడా దొరికితే ఇంకా మంచిది. ప్రపోజల్‌లో ‘ఈ చదువు ఎందుకు’ అని అడిగే చోట అవి తనకి పనికొస్తాయి.