అడవిలో సైనికుడి సమాధి, జేబులో ఇత్తడి గుండీ

ప్రశ్న: మాది గుంటూరు. నాలుగేళ్లుగా ఇంగ్లండ్‌లోని సర్రేలో ఉంటున్నాం. మొన్న ఆదివారం అడవి దారిలో నడుస్తుంటే చెట్ల మధ్య పాతకాలపు చిన్న శ్మశానం, అందులో ముళ్లపొదలు కమ్మేసిన తెల్ల రాయి కనిపించాయి. దాని మీద రెజిమెంట్ గుర్తు, పేరు, 1919 ఫిబ్రవరి నాటి తేదీ ఉన్నాయి. పట్టించుకునే దిక్కే లేనట్టుంది. ఎనిమిదేళ్ల మా బాబు దాని పక్కన మట్టిని పుల్లతో గీకి ఓ ఇత్తడి గుండీ జేబులో వేసుకొచ్చాడు. మావారు వచ్చే వారం ఇనుప బ్రష్, బ్లీచ్ పట్టుకెళ్లి రాయి కడుగుదామంటున్నారు. అత్తగారేమో దీపం పెట్టొద్దామంటున్నారు. వచ్చే ఏడాది పర్మనెంట్ వీసాకు అప్లై చేయాలి. కేసులేమైనా అవుతాయా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు వీసా సంగతి. ఆ దరఖాస్తులో అడిగేది శిక్షలు, పోలీసుల కాషన్లు (కోర్టుకు వెళ్లకుండా ఇచ్చే అధికారిక హెచ్చరికలు) లాంటి వాటి గురించి. సమాధి చూశామని ఎవరికైనా ఫోన్ చేసి చెప్పడం ఆ లెక్కలోకి రాదు. దారి తప్పి ఒకరి అడవిలో అడుగుపెట్టినా ఇంగ్లండ్‌లో అది మామూలుగా సివిల్ తగాదాయే తప్ప నేరం కాదు. రైలు పట్టాలు, మిలిటరీ స్థలాల లాంటివి వేరు. 'అతిక్రమిస్తే ప్రాసిక్యూట్ చేస్తాం' అని బోర్డులు పెడతారు చూడండి, వాటిలో చాలా మటుకు ఉత్త బెదిరింపే.

ఇక సమాధి. మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరులోనే ఆగింది కదా, 1919లో పోయినవాడిది యుద్ధ సమాధి ఎలా అవుతుందని మీకు అనుమానం రావచ్చు. అవుతుంది. యుద్ధంలో పోయిన సైనికుల సమాధుల్ని చూసుకునే సంస్థ, 1917లో రాయల్ చార్టర్‌తో ఏర్పడిన కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్, ఆ యుద్ధం లెక్కను 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా తీసుకుంటుంది. గాయాలతోనో, ఆ ఏడాది ఇన్‌ఫ్లూయెంజాతోనో తర్వాత పోయిన సైనికులూ అందులో వస్తారు. మీరు చెప్పిన రాయి రెండడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తుండి, పై అంచు కొద్దిగా వంపు తిరిగి ఉంటే అది కమిషన్ వేయించినదే అయ్యుంటుంది. జనరల్‌కైనా జవానుకైనా అదే సైజు. కింద సన్న అక్షరాల్లో ఏదైనా వాక్యం ఉంటే అది ఇంటివాళ్లు ఎంచుకున్నది. వాళ్లకిచ్చిన చోటు 66 అక్షరాలు, ఖాళీలతో కలిపి.

అంటే దిక్కులేనిది కాదు. బ్రిటన్‌లో ఇలాంటి సమాధులు 12 వేలకు పైగా చోట్ల చెదిరి ఉన్నాయి. రాయి బాధ్యత కమిషన్‌ది, చుట్టూ నేల మాత్రం చర్చిదో కౌన్సిల్‌దో ప్రైవేటు వ్యక్తిదో అయి ఉంటుంది. పొదలు పెరిగాయంటే నేల యజమాని కొట్టించలేదని అర్థం. కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి, శ్మశానం పేరు, సమాధి నంబరు వస్తాయి. ఫోటోలు, మ్యాప్‌లో చోటు జతచేసి వాళ్లకే రాయండి.

మీవారి బ్రష్, బ్లీచ్ ఇంట్లోనే ఉండనివ్వండి. ఆస్తి నష్టం చట్టం 1971 కింద నేరం కావాలంటే కావాలనో, పాడవుతుందని తెలిసీ లెక్కచేయకుండానో చేసుండాలి. మంచి మనసుతో కడిగితే కేసు అయ్యే అవకాశం తక్కువే. కానీ ఆ రాళ్లు ఎక్కువగా పోర్ట్‌లాండ్ సున్నపురాయి. ఇనుప బ్రష్ పెడితే నాచుతో పాటు పేరూ పోతుంది.

అసలు చిక్కు గుండీతోనే. పదేళ్లలోపు పిల్లల మీద అక్కడ నేరం మోపడం కుదరదు కాబట్టి బాబుకు భయం లేదు. కానీ ఇప్పుడు మీకు తెలుసు. వేరేవాళ్లదని తెలిసీ సొంతానికి అట్టిపెట్టుకుంటే దొంగతనాల చట్టం 1968 మీదాకా వస్తుంది. నేల పైన పడి ఉన్న వస్తువైతే దొరికినవాడికి కొంత హక్కుంటుంది. మట్టిలో ఉన్నదైతే నేల యజమానిదే. మీ సర్రేలోనే ఫార్న్‌హామ్ పార్కులో ఒకాయనకు మెటల్ డిటెక్టర్‌తో మధ్యయుగాల నాటి బంగారు బ్రోచ్ దొరికింది, తొమ్మిది అంగుళాల లోతులో. 1995లో అప్పీలు కోర్టు అది ఆ పార్కు యజమాని వేవర్లీ కౌన్సిల్‌దే అని తేల్చింది. మీవాడు పుల్లతో గీకినది అంగుళమే కావచ్చు, సూత్రం మాత్రం అదే. గుండీని కడగకుండా, మెరుగు పెట్టకుండా కవర్లో వేసి, ఎక్కడ దొరికిందో చీటీ రాసి నేల యజమానికి అప్పగించండి.

మళ్లీ అక్కడ తవ్వనివ్వకండి. ఎముక కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి. పూడ్చిన అవశేషాలను లైసెన్సు లేకుండా కదిలించడం 1857 నాటి బరియల్ చట్టం కింద నేరం. చుట్టుపక్కల విమానం ముక్కల్లాంటి అల్యూమినియం రేకులు కనిపించినా తేవద్దు. కూలిన మిలిటరీ విమానాలకు 1986 నుంచి వేరే చట్టమే ఉంది.

అత్తగారి దీపానికి అడ్డొచ్చే చట్టం నాకు కనిపించలేదు, ఎండిన అడవిలో నిప్పు తప్ప. పూలు పెట్టి రమ్మనండి.