కూచిపూడి వచ్చిన బీటెక్ అమ్మాయి ఏఐతో నాట్యం చేస్తానంటే...

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. పదేళ్లు కూచిపూడి నేర్చుకుంది. ఇప్పుడు మనిషికీ ఏఐకీ మధ్య గీత ఎక్కడుందో చూపే కంటెంపరరీ డ్యాన్స్ చేస్తానని, ప్లేస్‌మెంట్స్‌కు కూర్చోనని అంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, విజయవాడ

జవాబు: అమ్మాయి చెప్పేది గాలి మాట కాదండి. బ్రిటన్ నృత్యదర్శకుడు వేన్ మెక్‌గ్రెగర్ గూగుల్ బృందంతో కలిసి, తన 25 ఏళ్ల నృత్య వీడియోలతో ఒక ఏఐకి శిక్షణ ఇప్పించారు. అది సూచించిన కదలికలతో 2019లో ప్రదర్శన చేశారు. తైవాన్ కళాకారుడు హువాంగ్ యి ఫ్యాక్టరీల్లో వాడే కూకా రోబోతో కలిసి నాట్యం చేస్తారు. దాని ప్రోగ్రామ్ రాసింది కూడా ఆయనే. డ్యాన్సర్ కేటీ క్వాన్ అయితే స్టాన్‌ఫర్డ్‌లో మెకానికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేశారు. వీళ్లెవరూ నాట్యం వదిలేసి టెక్నాలజీలోకి రాలేదు.

మీ అమ్మాయికి ఉన్న అసలు బలం ఆ పదేళ్ల సాధనే. మీడియాపైప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫోన్‌లో తీసిన వీడియో ఇస్తే శరీరం మీద మోకాలు, మోచేయి లాంటి 33 చోట్లను చుక్కలుగా గుర్తిస్తుంది. కానీ కూచిపూడిలోని తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్లెం అంచు మీద కదిలేటప్పుడు బరువు ఏ వేలి మీద పడిందో, ఊపిరి ఎక్కడ బిగబట్టిందో ఆ చుక్కలు చెప్పలేవు. తను వెతుకుతున్న గీత నా దృష్టిలో అక్కడే ఉంది. పళ్లెం మీద నిలబడిన పిల్లకు అది పాదాలతో తెలుసు, కోడ్ రాయడమూ వచ్చు. ఈ రెండూ ఒకరిలో ఉండటం అరుదు.

అయితే కూచిపూడి వచ్చినంత మాత్రాన కంటెంపరరీ వచ్చేసినట్టు కాదు. నేల మీద దొర్లడం, అప్పటికప్పుడు కదలిక అల్లడం ఇవన్నీ వేరే సాధన. కొన్నేళ్లు పడుతుంది.

డబ్బు సంగతి దాచను. ఈ నాట్యం ఒక్కదాని మీదే నెలనెలా జీతం ఇచ్చే చోట్లు మన దగ్గర చాలా తక్కువ. అందుకే ప్లేస్‌మెంట్స్ మానేయవద్దనే నేను చెబుతాను. కంప్యూటర్ విజన్ (ఫొటోలు, వీడియోల్లో ఏముందో కంప్యూటర్‌తో గుర్తింపజేయడం), గేమింగ్, యానిమేషన్ ఉద్యోగాల్లో మనిషి కదలిక తెలిసినవాళ్లకు పని ఉంటుంది. తర్వాత చదవాలనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో డ్యాన్స్‌లో పీజీ ఉంది.

ఈలోగా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా తరంగాన్నే తీసుకోమనండి. పళ్లెం కింద ఒత్తిడి కొలిచే సెన్సర్లు పెట్టి, కెమెరాకు అందనిది అవి ఎంతవరకు పట్టుకోగలవో చూడమనండి. రెజ్యూమెకూ వేదికకూ ఒకే పని సరిపోతుంది. గైడ్‌తో ఇప్పుడే మాట్లాడాలి, సెమిస్టర్ మొదలయ్యాక టాపిక్ మార్చడం కష్టం.