ఆర్థర్ కథ రాస్తున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. బ్రిటన్ గాథల్లోని ఆర్థర్ రాజు మీద నువ్వు రాస్తున్న నవలలోంచి పంపిన అధ్యాయాలు చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది, దాని గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా కాలం గురించే. నీ ఆర్థర్ ఆరో శతాబ్దంలో శాక్సన్లతో పోరాడుతున్నాడు. కానీ ఉండేది రాతి కోటలో, ఒంటి మీద నిలువెల్లా ఉక్కు కవచం, కూర్చునేది గుండ్రటి బల్ల దగ్గర. ఆ కవచం ఒక్కటే తీసుకున్నా 15వ శతాబ్దానిది.

ముందు నీ కథ ఏ శతాబ్దంలో నడుస్తుందో తేల్చుకో. బ్రిటన్‌లో రోమన్ల పాలన 410 ప్రాంతంలో ముగిసింది. ఆరో శతాబ్దంలో రాసిన గిల్డాస్ అనే మతగురువు బేడన్ కొండ యుద్ధం గురించి చెప్పాడు, ఆంబ్రోసియస్ అనే నాయకుణ్ణి మెచ్చుకున్నాడు, ఆర్థర్ పేరు మాత్రం ఎత్తనే లేదు. ఆర్థర్ చేసిన పన్నెండు యుద్ధాల జాబితా కనిపించేది 830 ప్రాంతంలో లాటిన్‌లో రాసిన ‘హిస్టోరియా బ్రిటోనమ్’లో. అక్కడ అతను రాజుల పక్కన నిలబడి యుద్ధం నడిపించిన సేనాని. మనకు తెలిసిన మంత్రగాడు మెర్లిన్ 1130లలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ అనే రచయిత చేతిలో తయారయ్యాడు. గుండ్రటి బల్లను 1155లో వేస్ అనే కవి చేర్చాడు. వీరుడు లాన్స్‌లాట్, ఆర్థర్ కొలువుండే కామెలాట్ ఆ తర్వాత ఫ్రెంచి కవి క్రెతియెన్ దగ్గర కనిపిస్తాయి. మన పల్నాటి కథే చూడు. యుద్ధం జరిగింది 12వ శతాబ్దంలో, శ్రీనాథుడి పేరున ఉన్న కావ్యం 15వ శతాబ్దానిది. ఆ మధ్య కాలంలో కథ ఎంత పెరిగిందో నువ్వు ఎరిగినదే. ఆర్థర్ విషయంలో ఆ ఎడం దాదాపు రెట్టింపు.

క్రెతియెన్ కాలపు ఆర్థర్‌నే రాస్తానంటే నాకు అభ్యంతరం లేదు, అదీ మంచి నవలే అవుతుంది. కానీ నీ మనసు ఆరో శతాబ్దం మీదే ఉందని నీ రాత చెబుతోంది. అందుకే ఈ ఉత్తరం.

పాత గ్రంథంలో ఎక్కడైతే లెక్క కుదరదో, అక్కడ నుంచి కథలోకి దిగు. తర్వాతివాళ్లు తొడిగిన నగలతో ఆ ఖాళీ నింపకు. ‘హిస్టోరియా బ్రిటోనమ్’ నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. వోర్టిగర్న్ అనే బ్రిటన్ రాజు వేల్స్‌లోని స్నోడోనియా కొండల్లో కోట కట్టబోతాడు. పగలు పోగేసిన రాయీ కలపా తెల్లారేసరికి మాయం. తండ్రి లేని పిల్లాడి రక్తం చల్లితే గానీ కోట నిలవదని పండితులు చెబుతారు. రాజు మనుషులు వెతుక్కుంటూ పోతే ఒకచోట పిల్లలు బంతాట ఆడుతుంటారు. ఆటలో గొడవొచ్చి ఒకడు రెండోవాణ్ణి ‘నీకు తండ్రి లేడు’ అని తిడతాడు. అంతే, వాళ్లకు కావలసినవాడు దొరికాడు. తల్లిని అడిగితే, నేను ఏ మగవాణ్ణీ ఎరగనని ఒట్టు పెట్టి చెబుతుంది. పిల్లాణ్ణి కోట దగ్గరికి తీసుకొస్తారు. నేల కింద ఏముందో చెప్పండని వాడు పండితులనే నిలదీస్తాడు. తవ్విస్తే మడుగు, మడుగులో పాత్రలు, వాటిలో మడతపెట్టిన గుడ్డ, అందులో నిద్రపోతున్న ఎర్ర పురుగూ తెల్ల పురుగూ. అవి లేచి కొట్టుకుంటాయి, చివరికి ఎర్రది తెల్లదాన్ని తరిమేస్తుంది. అప్పుడు రాజు పేరు అడుగుతాడు. ఆంబ్రోసియస్ అంటాడు పిల్లాడు, తన తండ్రి రోమన్ కాన్సుల్, అంటే పెద్ద పాలనాధికారి, అని కూడా చెబుతాడు!

మరి తల్లి పెట్టిన ఒట్టు ఏమైనట్టు? అబద్ధమాడిందా, ఎవరికి భయపడి? ఆ కాన్సుల్ పేరు బయటికి చెప్పలేని కారణం ఏమిటి? గ్రంథం ఆమె గురించి మళ్లీ మాట్లాడదు. తల్లీ, నీ నవల అక్కడుంది. నువ్వు ఈ ఘట్టాన్ని మెర్లిన్ మంత్రాలతో, డ్రాగన్ల నిప్పులతో నింపేశావు. ఆ పిల్లాణ్ణి మెర్లిన్‌గా మార్చింది జెఫ్రీ, మూడు వందల ఏళ్ల తర్వాత. నీ అధ్యాయంలో వాడు ఆంబ్రోసియస్‌గానే ఉండాలి.

అదే గ్రంథంలో ఆర్థర్ కొడుకు ఆమ్ర్ సమాధి గురించి రెండు మాటలున్నాయి. కొడుకుని చంపి పాతిపెట్టింది ఆర్థరే. సమాధి కొలిచిన ప్రతిసారీ కొలత మారుతుందట, ఆరడుగులు, తొమ్మిది, పన్నెండు, పదిహేను. నేనే కొలిచి చూశాను అంటాడు రచయిత. కొడుకుని ఎందుకు చంపాడో చెప్పడు. ఇంత పెద్ద దుఃఖం అక్కడ ఉండగా నీకు రాతిలోంచి కత్తి లాగే దృశ్యం ఎందుకు?

ఇక వస్తువులు. గుర్రానికి రికాబులు తీసెయ్, అవి అప్పటికి బ్రిటన్ చేరలేదు. వంటింట్లో బంగాళాదుంప కనిపించింది, దాన్నీ తీసెయ్. బార్లీ, ఓట్లు, ఉల్లికాడలాంటి లీక్, తేనెతో చేసిన మీడ్ చాలు. అలాగని అందరినీ అడవి మనుషుల్లా రాయకు. కార్న్‌వాల్‌లోని టింటాజెల్‌లో తూర్పు మధ్యధరా నుంచి వచ్చిన నూనె, ద్రాక్షసారా జాడీల పెంకులు బోలెడు దొరికాయి. ఇంగ్లండ్ నైరుతిలోని సౌత్ క్యాడ్‌బరీ కొండ మీద 1966-70 తవ్వకాల్లో కలపతో కట్టిన పెద్ద సభామందిరం ఆనవాళ్లు బయటపడ్డాయి. నీ రాతి కోట స్థానంలో ఆ కలప మందిరం పెట్టు. వానకు తడిసిన దూలాల వాసన, మంట పొగ, ఏజియన్ తీరం నుంచి వచ్చిన ఎర్ర పళ్లెంలో అన్నీ తినేసి మిగిల్చిన ఎముకలు. చదివేవాళ్లు నమ్ముతారు.

సంభాషణల్లో ‘ప్రభూ, చిత్తము’ అనిపించకు. మన పౌరాణిక సినిమా గొంతు వచ్చేస్తుంది. నీ సేనాని నడివయసు మనిషి, అలసిపోయి ఉన్నాడు, మామూలుగా మాట్లాడనీ.

శాక్సన్లకూ ఒక ఇల్లు, ఒక ముసలమ్మ, ఒక పంట ఇవ్వు. సముద్రం దాటి వచ్చి రెండు తరాలుగా అక్కడే దున్నుకుంటున్నవాళ్లు ఆ నేలని పరాయిదనుకోరు. వెల్ష్ వార్షిక పట్టికలు కామ్లాన్ యుద్ధంలో ఆర్థర్, మెడ్రాట్ ఇద్దరూ పడిపోయారని చెప్పే వాక్యంలోనే బ్రిటన్‌లోనూ ఐర్లండ్‌లోనూ జనం చచ్చిపోయారనీ చెబుతాయి. అది 537. అంతకుముందు ఏడాదే ఎండ మసకబారి చాలా దేశాల్లో పంటలు దెబ్బతిన్నాయి. ఆఖరి యుద్ధం రాసేటప్పుడు ఆ ఆకలిని రెండు పక్షాలకీ పంచు.

నువ్వు వేల్స్‌లో, కార్డిఫ్‌లోనే ఉన్నావు కాబట్టి ఎండ కాసే రోజు చూసుకుని ఉత్తర వేల్స్‌లో బెడ్‌గెలర్ట్ ఊరి దగ్గరున్న డినాస్ ఎమ్రిస్ కొండ ఎక్కి రా. వోర్టిగర్న్ కోట కథ ఆ కొండదేనని చెబుతారు. నడిచే దారి ఉంది. మంచి బూట్లు వేసుకో, అక్కడ వాన చెప్పి రాదు. వచ్చాక మెర్లిన్ అధ్యాయం పక్కన పడేసి, రాజు మనుషులు తలుపు కొట్టినప్పటి నుంచి ఆ తల్లి వైపు నుంచే రాసి పంపు. ఒక్కో దృశ్యం పక్కన అది ఏ గ్రంథంలోదో, ఏది నీ ఊహో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో, చివర్లో పాఠకులకు చెప్పడానికి పనికొస్తుంది.

మీ పెద్దనాన్న